పాత సైకిలు క్లబ్బుల వార్షిక విందు: కుర్చీ ఎవరెవరికి వేశారు?



వచ్చే ఏడాదికి మా తెలుగు సంఘానికి అరవై ఏళ్ళు నిండుతాయి. మనిషికైతే షష్టిపూర్తి చేస్తాం, సంఘానికి ఏం చేయాలి అని పోయిన నెల కార్యవర్గం కూర్చుంది. ఎజెండాలో మూడు అంశాలు రాశాను: విందు, వేదిక కార్యక్రమం, సభ్యుల జాబితా. విందు దగ్గరే రెండు గంటలు పట్టింది. పూర్ణం బూరెలా మైసూరుపాకా, పులిహోర ఉండగా సాంబారన్నం ఎందుకు, అరిటాకు వేసి బంతి భోజనం పెట్టాలా లేక ప్లేటు చేత పట్టుకుని నిలబడి తినాలా. ఆకుకు ఇంత అని వంటాయన చెప్పిన ధర విని కోశాధికారి గారు మంచినీళ్ళు అడిగారు. మూడో అంశం వచ్చేసరికి బస్సు వేళ అయిందని సగం మంది లేచారు. "తదుపరి సమావేశానికి వాయిదా" అని మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, వాయిదా వేయడం నాకు ఎవరూ నేర్పనక్కర లేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చివర చెబుతాను. ముందు సైకిలు క్లబ్బుల సంగతి.

మా నాన్నగారికి అంబత్తూరు టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్ సైకిలు ఉండేది. ఆదివారం పూట దాని గొలుసుకు నూనె వేయడం నా పని. మా సంఘం తొలి సభ్యత్వ రశీదులు ఆయనా ఆయన స్నేహితులూ ఆ సైకిలు మీద ఇంటింటికీ తిరిగి రాసినవే. అందుకని సైకిలు అన్న మాట ఎక్కడ కనబడినా చదవకుండా వదలను. రిటైరయ్యాక పాత సంస్థల చరిత్రలు చదివే వ్యసనం కూడా పట్టుకుంది. ఏ సంస్థ ఎన్నాళ్ళు బతికింది, దాన్ని ఏ రూలు బతికించింది, ఏ రూలు చంపింది అని చూస్తుంటాను. ఈ రెండూ కలిసిన చోట దొరికింది ఇంగ్లండు సైకిలు క్లబ్బుల కథ.

వాటిలో అన్నిటికన్నా పాతదిగా చెప్పుకునేది లండనులోని పిక్విక్ బైసికిల్ క్లబ్. 1870 జూన్ 9న చార్లెస్ డికెన్స్ అనే గొప్ప నవలాకారుడు చనిపోయాడు. పదమూడు రోజుల తరువాత, జూన్ 22న, హాక్నీ డౌన్స్ దగ్గర డౌన్స్ హోటల్లో కొద్దిమంది సైకిలు ప్రియులు కలుసుకుని ఒక క్లబ్బు పెట్టుకున్నారు. దేశమంతా డికెన్స్ గురించే మాట్లాడుకుంటున్న రోజులు. ఆయన తొలి నవల "పిక్విక్ పేపర్స్"లో పిక్విక్ అనే పెద్దమనిషి ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు, దారిలో సత్రాల్లో దిగుతాడు, బాగా తింటాడు, చూసినదంతా తన క్లబ్బుకు రాసి పంపుతాడు. 1836, 37 సంవత్సరాల్లో నెలనెలా భాగాలుగా వచ్చి ఇంటింటా చదివిన నవల అది. తిరగడం, తినడం, వచ్చి చెప్పడం. సైకిలు క్లబ్బుకు అంతకన్న తగిన పేరు ఉంటుందా?

ఆనాటి సైకిలు మనం ఎరిగిన సైకిలు కాదు. మన ఎడ్లబండి చక్రానికి ఉన్నట్టే చెక్క చక్రానికి ఇనుప పట్టా. పెడళ్ళు ముందు చక్రానికే బిగించి ఉండేవి, గొలుసు లేదు. రాతి వీధిలో తొక్కితే ఒళ్ళంతా కదిలిపోయేది గనుక ఇంగ్లీషువాళ్ళే దానికి "ఎముకలు కదిపేది" అని పేరు పెట్టారు. ఆ తరువాత ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున పెరిగిన సైకిలు వచ్చింది. దాని మీద ఎక్కడం ఒక విద్య, దిగడం ఇంకో విద్య, పడితే మాత్రం తలకిందులుగానే పడేవారు. రెండు చక్రాలూ దాదాపు సమంగా ఉండి, గొలుసుతో వెనక చక్రం తిరిగే సైకిలును కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో "రోవర్" పేరుతో తెచ్చాడు. 1888లో బెల్ఫాస్టులో పశువైద్యుడు డన్లప్ గాలి టైరు తెచ్చాడు. మా నాన్నగారి హెర్క్యులిస్ ఈ రెండిటి మనవడు.

ఒంటరిగా వెళితే కుక్కలు తరిమేవి, పిల్లలు రాళ్ళు విసిరేవారు, గుర్రాలు బెదురుతున్నాయని బండివాళ్ళు కొరడా చూపేవారు. కొన్ని సత్రాలవాళ్ళు దుమ్ము కొట్టుకుని వచ్చినవాణ్ణి చూసి తలుపు వేసుకునేవారు. అందుకే గుంపుగా వెళ్ళడం మొదలైంది. గుంపు అన్నాక ముందు ఒక కెప్టెను, ఎక్కండి దిగండి అని చెప్పడానికి బూర ఊదేవాడు ఒకడు, అందరికీ ఒకే రంగు కోటు. ఇదంతా పటాలం వేషంలా కనిపిస్తుంది గాని అవసరం కోసం పుట్టిందే. పరాయి ఊళ్ళో నలుగురు కూడి సంఘం ఎందుకు పెట్టుకుంటారో మనకు వేరే చెప్పాలా?

ఇక విందు. ఇంగ్లండులో నవంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి. రోడ్లు బురద. సైకిళ్ళు గోడకు ఆనించేస్తారు. ఈస్టరు పండుగ దాకా కూడి తొక్కేది తక్కువే. ఆ ఖాళీ నెలల్లో సభ్యులు విడిపోకుండా ఉండాలంటే ఏదో ఒకటి జరగాలి. అందుకని పాటల సాయంత్రాలు పెట్టుకునేవారు. గది నిండా పొగ, ఒక పియానో, పాడగలిగిన వాడూ పాడలేనివాడూ పాడేవారు. వీటన్నిటికీ పెద్దది వార్షిక విందు. ఏడాదికి ఒక రాత్రి, టిక్కెట్టు కొనుక్కుని, చెమట కోటు కాకుండా మంచి కోటు వేసుకుని వచ్చేవారు. నిజానికి దారి పొడవునా సత్రాల్లో కలిసి తిన్నవాళ్ళే వీళ్ళు. అయినా ఈ విందు వేరు.

వేరు ఎందుకంటే దానికి ఒక క్రమం ఉంది. బల్ల మీద ఒక అచ్చు కార్డు పెడతారు. ఒక పక్క వంటకాల పేర్లు, ఇంకో పక్క టోస్టుల వరస. టోస్టు అంటే ఇక్కడ మనం కాఫీలో ముంచుకునేది కాదు. లేచి నిలబడి, ఫలానావారి కోసం అని చెప్పి, గ్లాసెత్తి తాగడం. అసలు మాట రొట్టెముక్క నుంచే వచ్చింది. పూర్వం ద్రాక్షసారాలో మసాలా రాసి కాల్చిన రొట్టెముక్క వేసేవారట, రుచికి. గ్లాసులో నిమ్మరసం ఉన్నా టోస్టు టోస్టే, ఈ మాట మన పెద్దవాళ్ళు కంగారు పడకుండా చెబుతున్నాను.

ముందు ప్రార్థన. భోజనం అయ్యాక మొదటి టోస్టు రాణిగారికో రాజుగారికో. అది అయ్యేదాకా ఎవరూ చుట్ట వెలిగించకూడదు. తరువాత క్లబ్బు కోసం టోస్టు. దీన్ని సాధారణంగా బయటినుంచి వచ్చిన అతిథి చెబుతాడు, అధ్యక్షుడు బదులు చెబుతాడు. ఆ బదులులోనే ఏడాది లెక్క అంతా వస్తుంది: ఎన్ని మైళ్ళు తొక్కారు, ఎవరు గెలిచారు, ఎంతమంది చేరారు. తరువాత అతిథుల కోసం టోస్టు, అతిథుల్లో ఒకరి బదులు. కప్పులూ పతకాలూ ఇవ్వడం. మధ్యలో పాటలు. వీటి నడుమ ఒకటి ఉంటుంది, రెండే మాటలు: రానివారి కోసం. దూరదేశం వెళ్ళినవాడు, మంచాన పడ్డవాడు, చనిపోయినవాడు అందరూ అందులోకి వస్తారు. దీనికి ఉపన్యాసం ఉండదు. లేస్తారు, చెబుతారు, కూర్చుంటారు. నన్నడిగితే ఆ కార్డు మొత్తంలో బరువైన వరస అదే.

ఆ కార్డు వెనక ఖాళీలో చాలామంది పక్కవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకునేవారు. ఆ తరువాత చూసుకుంటే ఆ రాత్రి ఎవరి పక్కన ఎవరు కూర్చున్నదీ తెలిసిపోతుంది. పాత సైకిలు క్లబ్బుల మినిట్స్ పుస్తకాలూ కాగితాలూ పారేయకుండా ఇంగ్లండులో వార్విక్ విశ్వవిద్యాలయంలో జాతీయ సైకిలు భాండారం పేరుతో దాచిపెట్టారు. మన సంఘాల మినిట్స్ పుస్తకాలు ఎక్కడున్నాయో మీకు తెలుసు. మా సంఘంవి హాలు అటక మీద, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే అండాల పక్కన ఉన్నాయి. మొదటి ఇరవై ఏళ్ళవి తెలుగులో, తరువాతవి ఇంగ్లీషులో. మా మనవడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, ఆ మొదటి పుస్తకాలు మాత్రం చదవలేడు.

పిక్విక్ క్లబ్బు విందులో ఇంకో విశేషం ఉంది. సభ్యుడు చేరగానే అతనికి ఆ నవలలోని ఒక పాత్ర పేరు ఇస్తారు. క్లబ్బులో ఉన్నంతసేపూ అదే పేరు. బయట న్యాయవాది కావచ్చు, టైర్ల వ్యాపారి కావచ్చు, లోపల మాత్రం నవలలోని ఫలానా బండివాడో ఫలానా ఖైదీనో. అతను వెళ్ళిపోతే ఆ పేరు మరొకరికి వస్తుంది. అంటే 1870లో ఒకరు కూర్చున్న పేరు మీద ఇవాళ ఇంకొకరు కూర్చుంటున్నారు. పాత్రలు ఎన్ని ఉంటే సభ్యులు అంతే, కొత్తవాడు చోటు కోసం కాచుకోవాలి.

మనం "కన్యాశుల్కం" పేరుతో సైకిలు క్లబ్బు పెట్టామనుకోండి. గిరీశం పేరు కోసం కొట్లాట జరుగుతుంది. రామప్పపంతులు పేరుకూ పోటీ ఉంటుంది, వచ్చినవాడు పైకి విసుక్కుంటాడంతే. సౌజన్యారావు పంతులు పేరు అధ్యక్షుల వారు తమకే ఉంచుకుంటారు. లుబ్ధావధానులు పేరు మాత్రం కోశాధికారికి పోతుంది, తప్పదు. నవ్వులకు చెప్పినా ఇందులో ఒక ఏర్పాటు ఉంది. లోపలికి వచ్చాక అందరూ ఒకే పుస్తకంలో మనుషులు. ఉద్యోగం పెద్దదా చిన్నదా అన్నది గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

కార్యదర్శిగా నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. "పిక్విక్ పేపర్స్" కథ మొదలయ్యేది ఒక మినిట్స్ పుస్తకంలోని పద్దుతో. 1827 మే 12న జరిగిన సభ, అధ్యక్షత ఎవరిది, ఏ తీర్మానం చేశారు, అంతా ఆఫీసు భాషలో. డికెన్స్ దాన్ని ఎగతాళికే రాశాడు. అయినా అంత పెద్ద నవలను ఒక కార్యదర్శి చేతి రాతతో ఎత్తుకున్నాడు కదా అని మాబోటివాళ్ళం సంతోషించవచ్చు.

ఈ క్లబ్బుకు 150 ఏళ్ళు నిండింది 2020 జూన్ 22న. ఆ రోజుకు కరోనా వల్ల ఇంగ్లండులో హోటళ్ళలో కూర్చుని తినడమే లేదు, జూలై 4న గాని తలుపులు తెరవలేదు. రెండు ప్రపంచ యుద్ధాలు దాటిన క్లబ్బుకు సరిగ్గా ఆ పుట్టినరోజున విందు హాలు దొరకని పరిస్థితి. ఆ ఏడాది మా సంఘం ఉగాది కూడా ఫోనులోనే జరిగింది. పచ్చడి ఎవరింట్లో వాళ్ళు కలుపుకుని, కొందరు వేపపువ్వు దొరక్క మెంతులు వేశామని ఫొటోలు పంపారు.

రానివారి మాట ఎత్తాను గనుక ఒక ఊరి సంగతి చెప్పాలి. ఇంగ్లండుకు నడిబొడ్డు అని అక్కడివాళ్ళు చెప్పుకునే మెరిడెన్ అనే ఊళ్ళో, పచ్చిక మైదానంలో ఒక రాతి స్తంభం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైకిలు క్లబ్బుల సభ్యుల కోసం క్లబ్బులవాళ్ళే చందాలు వేసుకుని కట్టించారు. 1921 మే 21న ఆవిష్కరించారు. ఏటా మే నెలలో సైకిళ్ళ మీద అక్కడికి వచ్చి కాసేపు నిలబడతారు. యుద్ధం తరువాత జరిగిన ఏ క్లబ్బు విందులోనైనా "రానివారి కోసం" అని లేచినప్పుడు హాలంతా ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంతవరకు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ సంగతి. ఇక కుర్చీ వేయనివాళ్ళ సంగతి.

పిక్విక్ క్లబ్బు పుట్టినప్పటినుంచి తరాల తరబడి మగవాళ్ళ క్లబ్బుగానే నడిచింది. మళ్ళీ మన ఉదాహరణే తీసుకుంటే, మధురవాణి లేని కన్యాశుల్కం అన్నమాట. నవలలో పిక్విక్ గారిని కోర్టుకు ఈడ్చి జైలు పాలు చేసిన బార్డెల్ అనే ఇంటావిడ లేకపోతే సగం కథ లేదు. ఆవిడ పేరు కథకు కావాలి, బల్ల దగ్గర అక్కర లేదు. ఆ కాలానికి అది వింత కాదు. కానీ అదే కాలంలో వేరే దారి పట్టిన క్లబ్బు కూడా ఉంది.

1878 ఆగస్టు 5న హారోగేట్ అనే ఊళ్ళో స్టాన్లీ కాటరెల్ అనే యువకుడు బైసికిల్ టూరింగ్ క్లబ్ పెట్టాడు. మూడు చక్రాల సైకిళ్ళవాళ్ళు కూడా చేరుతున్నారని 1883లో పేరు మార్చి సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అన్నారు. ఇప్పుడు సైక్లింగ్ యూకే అన్న పేరుతో నడుస్తోంది, 2028లో దానికీ 150 ఏళ్ళు. ఇది పందేల క్లబ్బు కాదు, ప్రయాణాల క్లబ్బు. నిటారు దిగుడు ఉన్న కొండల పైన "జాగ్రత్త" అని బోర్డులు పాతింది వీళ్ళే, అప్పటి సైకిళ్ళ బ్రేకులు నమ్మదగినవి కావు మరి. రోడ్లు బాగు చేయాలని 1886లో మరో సంఘంతో కలిసి ఉద్యమం మొదలుపెట్టింది వీళ్ళే, మోటారు కార్లు రాకముందే. సత్రాలతో, హోటళ్ళతో ఒప్పందం చేసుకుని, మా సభ్యులు వస్తే ఇంత ధరకు గది, ఇంత ధరకు భోజనం అని రాయించుకున్నారు. ఒప్పుకున్న హోటలు గోడకు రెక్కల చక్రం గుర్తున్న ఇనుప పలక బిగించేవారు. ఆ పలక చూస్తే సైకిలువాడికి కొండంత ధైర్యం. 1899 నాటికి సభ్యులు 60 వేలు దాటారు.

ఈ క్లబ్బు 1880లోనే స్త్రీలను సభ్యులుగా చేర్చుకుంది. చేర్చుకోవడంతో ఊరుకోలేదు, ఒక సభ్యురాలి కుర్చీ కోసం కోర్టుకు కూడా వెళ్ళింది.

1898 అక్టోబరు 27న లేడీ హార్బర్టన్ అనే పెద్దింటి ఆవిడ సైకిలు మీద సర్రే జిల్లాలో ఆకమ్ అనే ఊరికి వెళ్ళి, హాట్‌బాయ్ అనే హోటల్లో భోజనం అడిగారు. పొడుగు గౌను చక్రంలో చిక్కుకుంటుందని ఆవిడ వదులైన పొట్టి లాగు లాంటి దుస్తులు వేసుకున్నారు. ఆడవాళ్ళకు అనువైన దుస్తులు కావాలని పనిచేసే సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. హోటలు యజమానురాలు ఆ దుస్తులు చూసి, పెద్దమనుషులు కూర్చునే కాఫీ గదిలోకి రానివ్వనంది. తాగేవాళ్ళు కూర్చునే బారు పక్క గదిలో పెడతాను, అక్కడ తినమంది. లేడీ హార్బర్టన్ తినకుండా వెళ్ళిపోయారు. క్లబ్బు ఆవిడ తరఫున కేసు నడిపింది. ప్రయాణికుడికి తిండి లేదనడానికి సత్రంవాడికి హక్కు లేదన్నది అక్కడి పాత న్యాయసూత్రం, కేసుకు ఆధారం అదే.

1899 ఏప్రిల్‌లో కేసు ఓడిపోయారు. ఎలా ఓడిపోయారో చూడండి. ఆ బారు పక్క గది ఫొటో తీయించి జ్యూరీకి చూపించారు. బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరిచి చక్కగా ఉంది. తిండి లేదనలేదు కదా, వేరే గదిలో పెడతానన్నది కదా, ఇందులో తిరస్కారం ఎక్కడ అన్నారు. జ్యూరీ ఒప్పుకుని యజమానురాలిని వదిలేసింది. చట్టం ప్రకారం సరే. కానీ వేరే బంతిలో కూర్చోబెట్టడం ఏమిటో మన దేశంలో ఎవరికీ ఫొటో చూపించి వివరించక్కర లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. వడ్డన సంగతే చెప్పింది గాని, నిన్ను కడబంతికి పొమ్మన్నది ఎవరు అన్న సంగతి ఆ సామెత చెప్పలేదు.

అమెరికాలో ఇంకా ముదిరింది. 1880లో న్యూపోర్టులో పెట్టిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అక్కడి సైకిలువాళ్ళందరికీ పెద్ద సంస్థ. 1894లో తెల్లవారికి మాత్రమే సభ్యత్వం అని నిబంధన మార్చుకుంది. అయిదేళ్ళకే, 1899లో, మేజర్ టేలర్ అనే నల్లజాతి యువకుడు మాంట్రియల్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. తమ దేశంలో అందరికన్న వేగంగా సైకిలు తొక్కేవాడికి ఆ సంస్థ జాబితాలో చోటు లేదు. ఆ నిబంధనను సంస్థ అధికారికంగా తోసిపుచ్చింది 1999లో. నూటఅయిదేళ్ళు. అమల్లో లేకపోయినా అది కాగితం మీద అలాగే ఉండిపోయింది. పాత నిబంధన ఎవరికీ అడ్డం రావడం లేదు కదా అని వదిలేస్తే ఏమవుతుందో గుమాస్తాగా నాకు బాగా తెలుసు. ఫైలు మూసినా కాగితం చావదు.

ఇప్పుడు నా నిద్ర సంగతి.

మా సంఘం నియమావళిలో నాలుగో నిబంధన ఇలా ఉంది: సభ్యత్వం కుటుంబ యజమాని పేరున ఉండును. రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, మా నాన్నగారు కూడా వాళ్ళలో ఒకరు. ఆ రోజుల్లో అలాగే రాసేవారు. యజమాని పోతే కొడుకు తన పేరున కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. నేను కార్యదర్శినైన కొత్తలో మా స్నేహితుడొకాయన కాలం చేశారు. కొడుకు ఉద్యోగం మీద ఉత్తరాదిలో ఉన్నాడు, దరఖాస్తు పెట్టలేదు. ఆ వదినగారు మా హాల్లో ఆదివారాలు పిల్లలకు ఓనమాలు దిద్దించిన మనిషి, పదిహేనేళ్ళు, పైసా తీసుకోకుండా. నిబంధన ప్రకారం సభ్యత్వం ముగిసినట్లు తెలియజేయడమైనది అని ఆవిడకు ఉత్తరం రాశాను. నా సంతకమే. రిజిస్టరులో ఆయన నంబరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టిందీ నేనే.

ఆ ఏడాది వార్షికోత్సవానికి ఆవిడ వచ్చారు. పిల్లలు పద్యాలు చెబుతుంటే ముందు వరసలో కూర్చుని విన్నారు. భోజనాల గుమ్మం దగ్గర కుర్రాడు కూపను అడిగాడు. ఆవిడ దగ్గర లేదు. జాబితా పట్టుకుని పక్కనే నేనున్నాను. "అతిథి కూపను ఇవ్వు బాబూ" అన్నాను, మర్యాదగానే అన్నాననుకున్నాను. ఆవిడ ఆ పచ్చ కాగితం చేతిలోకి తీసుకుని చూసి, "నేను అతిథినా అన్నయ్యగారూ?" అని అడిగారు. నేను నిబంధన చెప్పాను. అతిథుల బంతిలో కూర్చుని, పెరుగన్నం దాకా ఉండకుండా లేచారు. మళ్ళీ మా హాలుకు రాలేదు. ఓనమాల తరగతి ఆ తరువాత రెండేళ్ళు కుంటి ఆగిపోయింది.

హాట్‌బాయ్ హోటలు కేసు చదివినప్పుడు జ్యూరీ మాట దగ్గర ఆగిపోయాను. తిండి లేదనలేదు కదా, వేరే చోట పెడతానన్నాం కదా. ఆ మాట నేను కూడా ఇన్నేళ్ళూ నాకు చెప్పుకుంటున్నదే.

మొన్న లెక్క చూశాను. రిజిస్టరులో ఎర్ర గీత పడిన నంబర్లలో ఇరవై ఏడింటి ఇళ్ళలో భార్యలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. ఇంకా పెళ్ళి చేసుకుని ఇదే ఊళ్ళో ఉంటున్న ఆడపిల్లలు ఉన్నారు, కొందరు అల్లుళ్ళు తమిళులు, ఒకరు మలయాళీ. ఆ ఇళ్ళలో పిల్లలు అమ్మమ్మతో తెలుగే మాట్లాడతారు. వాళ్ళెవరూ మా జాబితాలో లేరు. కోశాధికారి గారు అడిగారు, "ఏమండీ సెక్రటరీ గారూ, అందర్నీ చేర్చుకుంటే ఆకులు ఎన్ని పెరుగుతాయో చూశారా?" అని. చూశాను. తొంభై దాకా పెరుగుతాయి. మైసూరుపాకు తీసేస్తే సరిపోతుంది.

వచ్చే సమావేశం ఎజెండా నిన్న టైపు చేయించాను. సభ్యుల జాబితా ఒకటో అంశం, నాలుగో నిబంధన సవరణ తీర్మానం దానితోనే. "కుటుంబ యజమాని" బదులు "పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి వ్యక్తి" అని ముసాయిదా రాశాను. సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల ఓటు కావాలి. వస్తుందో రాదో తెలియదు, ఇద్దరు పెద్దలు ఇప్పటికే ఫోను చేసి మందలించారు. విందు మూడో అంశం. అందులో ఒక వరస నేను చేర్చాను: పులిహోర వడ్డించేముందు అందరూ లేచి నిలబడి, రానివారి పేర్లు రిజిస్టరు చూసి చదవడం. గ్లాసుల్లో మజ్జిగ.

మీ ఊళ్ళోని సంఘం నియమావళిలో ఈ నిబంధన ఏ మాటల్లో ఉందో, మార్చుకుని ఉంటే ఎలా మార్చుకున్నారో ఈ పత్రికకు రాసి పంపండి. బరంపురంలో, బళ్ళారిలో, షోలాపూరులో, యానాంలో సంఘాలవారు ఎలా రాసుకున్నారో చూస్తే మా ముసాయిదా సరిదిద్దుకోవడానికి పనికొస్తుంది. ఆ స్నేహితుడి నంబరు ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు, ఖాళీగానే ఉంది. ఆదివారం వదినగారింటికి దరఖాస్తు కాగితం పట్టుకుని వెళుతున్నాను.